నల్లబల్ల ఎవరిది?



ఒక ప్రోగ్రామింగు భాష తనతోపాటే ఉమ్మడి జ్ఞాపకస్థానాన్ని కూడా అందించవలెనా, లేక ఆ భారాన్ని వెలుపలి ఉపకరణాలకు వదిలివేయవలెనా? ఈ టపాలో నేను విచారింపదలచినది ఈ ఒక్క ప్రశ్ననే. సంధులూ సమాసాలూ బోధించి పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చును. కారణం ఉన్నది. విరమణానంతరం ఒక పూర్వ విద్యార్థి ప్రోద్బలంతో కొద్దిగా పీహెచ్‌పీ నేర్చుకొని, పదవ తరగతి పిల్లల కోసం ఒక చిన్న నిఘంటువును జాలంలో ఉంచాను. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు, అంతకు మించి అందులో ఏమీ లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పిల్లలు దానిని సెల్‌ఫోనులో చూసుకుంటారు. వారికి జవాబు సమయానికి అందుతుందా లేదా అన్నది పై ప్రశ్నకు భాషా నిర్మాతలు ఇచ్చే సమాధానంపై చాలావరకు ఆధారపడి ఉన్నది.

ముందుగా మాట సంగతి. ఆంగ్లంలో దీనిని షేర్డ్ మెమరీ క్యాష్ అంటారు. ఈ క్యాష్ నగదు కాదు. దాచుట అనే అర్థం గల ఫ్రెంచి క్రియ నుండి పుట్టిన మాట. మనకు ‘దాపు’ అనే చక్కని మాట ఉన్నది. దాచిపెట్టుటను దాపరికం అంటాం. దగ్గరలో ఉన్నదానిని దాపున ఉన్నది అంటాం. మళ్లీ మళ్లీ కావలసి వచ్చే వస్తువును, దూరం వెళ్లనవసరం లేకుండా, చేరువలో దాచుకొనుటే ఇక్కడ జరిగే పని కనుక రెండర్థాలూ సరిపోతాయి. అందుచేత దీనిని ‘ఉమ్మడి దాపు’ అని వ్యవహరిస్తాను. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే తెలుపగలరు.

ఇక విషయం. బడి నుండి ఒక ఉదాహరణ చెబుతాను. నలభైమంది పిల్లలున్న తరగతిలో ‘ఆశ్చర్యం’ అనే మాటకు వికృతి అడిగామనుకొందాం. మొదటి పిల్లవాడు లేచి, వరండా చివర ఉన్న గ్రంథాలయానికి వెళ్లి, నిఘంటువు తెరిచి, ‘అచ్చెరువు’ అని పలకమీద రాసుకొని వచ్చి చెబుతాడు. చెప్పిన మరుక్షణం పలక తుడిచివేసి వెళ్లిపోతాడు. రెండవవాడు మళ్లీ మొదటి నుండి అదే దారి నడుస్తాడు. పీహెచ్‌పీ స్వభావం సరిగ్గా ఇదే. వచ్చిన ప్రతి అభ్యర్థననూ అది కొత్తగా మొదలుపెడుతుంది. పని ముగియగానే అందులోని చరరాశులన్నింటినీ తుడిచివేస్తుంది. ఇక్కడ గ్రంథాలయం అంటే డేటాబేసు. పలక అంటే ఆ ఒక్క అభ్యర్థనకు దక్కిన జ్ఞాపకం. ఈ రెంటి నడుమ మూడవది ఒకటి ఉండవచ్చును. మొదటి పిల్లవాడు తెచ్చిన జవాబును నల్లబల్లమీద రాసి ఉంచితే తక్కిన ముప్పైతొమ్మిది మందీ కూర్చున్న చోటి నుండే చూసుకోగలరు. ఆ నల్లబల్లయే ఉమ్మడి దాపు. ఆ నల్లబల్ల భాషతోపాటు రావలెనా, ఎవరి నల్లబల్లను వారు కొని తెచ్చుకోవలెనా అన్నదే వివాదం.

ఈ వివాదానికి పీహెచ్‌పీని మించిన ఉదాహరణ లేదు. మనకది పరాయి భాష కూడా కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ మీద. మీడియావికీ పీహెచ్‌పీలో రాసినది. వర్డ్‌ప్రెస్ కూడా అంతే. అంటే మన తెలుగు జాలంలో పెద్ద భాగం ఆ భాష భుజాల మీద నిలిచి ఉన్నది.

1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ పీహెచ్‌పీని విడుదల చేసిననాడు అది సొంత పుటలు పెట్టుకొనుటకు పనికివచ్చే చిన్న ఉపకరణం. చదివేవారు కొద్దిమంది, పుటలు కొద్ది. నాడు నల్లబల్ల అవసరం కనిపించలేదు. పాఠకులు పెరిగిన కొద్దీ అవసరం తెలిసివచ్చినది. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే యువకుడు తన లైవ్‌జర్నల్ సైటు భారం తట్టుకొనలేక మెమ్‌క్యాష్డ్ అనే దాపును తయారుచేశాడు. లైవ్‌జర్నల్ అంటే బ్లాగుల నిలయమే. నేడు ప్రపంచమంతా వాడే ఆ ఉపకరణం మనవంటి బ్లాగరుల తాకిడి వల్లనే పుట్టినదని గుర్తుంచుకొనదగును. అయితే అది భాషకు వెలుపల, వేరుగా నడిచే సర్వరు. దానిని స్థాపించుటకు యంత్రం మీద అధికారం కావాలి.

అదే కాలంలో పీహెచ్‌పీకి ఏపీసీ అనే అనుబంధం ఉండేది. అది రెండు పనులు చేసేది. పీహెచ్‌పీ ప్రతిసారీ ప్రోగ్రాము పాఠాన్ని చదివి, యంత్రానికి అనువైన సంకేతాలుగా మార్చుకొని, ఆ తరువాత నడిపిస్తుంది. అలా మార్చిన రూపాన్ని ఉమ్మడి జ్ఞాపకంలో నిలిపి, మరల మార్చే శ్రమను తప్పించుట మొదటి పని. ప్రోగ్రాము రాసినవాడు తన సొంత సమాచారాన్ని కూడా అక్కడే దాచుకొనుటకు చోటివ్వడం రెండవ పని. 2005 నవంబరులో పారిస్‌లో సమావేశమైన పీహెచ్‌పీ నిర్మాతలు ఈ ఏపీసీని భాషలోనే కలిపి పీహెచ్‌పీ 6తో అందించాలని తలచారు.

ఆ పీహెచ్‌పీ 6 కథ యూనికోడు తెలుగు బ్లాగరులకు మరొక విధంగా కూడా సంబంధించినది. దాని ప్రధాన వాగ్దానం యూనికోడే. మాటలన్నింటినీ బైట్ల వరుసగా కాక అక్షరాలుగా గుర్తించే పీహెచ్‌పీ వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పని ముందుకు సాగలేదు. 2010లో ఆ ప్రయత్నాన్ని విరమించారు. ఒకే బండిలో ఎక్కించిన రెండు సరుకులలో ఒకటి బరువై బండి ఆగిపోతే రెండవదీ దారిలోనే దిగబడినట్లయినది. నేటికీ పీహెచ్‌పీని ‘ఎల్లారెడ్డి’ పొడవెంత అని అడిగితే 33 అని చెబుతుంది. మన చెవికి అవి నాలుగక్షరాలు. యూనికోడులో అవి పదకొండు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఆంగ్లంలో అదే ఊరి పేరు పది బైట్లలో ఇమిడిపోతుంది. అక్షరాలు లెక్కించుటకు వేరే అనుబంధాలు ఉన్నవి, నిజమే. కానీ జ్ఞాపకస్థానంలో చోటు కొలిచేది బైట్లతోనే కనుక, దాపు విషయంలో తెలుగువానికి ఆంగ్లభాషి కంటె మూడింతల చోటు కావాలి. ఈ మాట తరువాత మళ్లీ పనికివస్తుంది.

2013 జూనులో పీహెచ్‌పీ 5.5తో ఓపీక్యాష్ అనే దాపు భాషలోకి వచ్చినది. అది ఏపీసీ చేసిన రెండు పనులలో మొదటిదానిని మాత్రమే స్వీకరించినది. రెండవ పనిని ఏపీసీయూ అనే పేరుతో వేరుచేసి, భాషకు వెలుపలి అనుబంధాల భాండాగారంలోనే ఉంచారు. 2025 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.5లో ఓపీక్యాష్ ఇక విడదీయరాని అంగమైనది. దానిని వదిలి పీహెచ్‌పీని నిర్మించుట సాధ్యం కాదు. ఏపీసీయూ మాత్రం నేటికీ గడప అవతలనే ఉన్నది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. భాషలో ఉమ్మడి దాపు ఉండవలెనా అని మనం వాదించుకొంటున్నాం కానీ, అది భాషలో ఇప్పటికే ఉన్నది. 2013 నుండి ఉన్నది, 2025 నుండి తప్పనిసరిగా ఉన్నది. బల్ల గోడకు బిగించారు. కాకపోతే దానిమీద ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళిక మాత్రమే రాయవచ్చును. పిల్లవాడు తెచ్చిన జవాబు రాయుటకు వీలులేదు. కనుక అసలు ప్రశ్న ‘ఉండవలెనా’ అని కాదు, ‘ఎవరికి తెరవవలెను’ అని.

తలుపు తెరవకపోతే జరిగేదేమిటో నా అనుభవంలోనే చూశాను. తెలంగాణలో పదవ తరగతి పరీక్షలు ప్రథమ భాషతో మొదలవుతాయి. తెలుగు పరీక్షకు ముందురోజు రాత్రి నా నిఘంటువు మీదికి పిల్లలందరూ ఒక్కసారిగా వస్తారు. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే; పాఠ్యపుస్తకంలోని పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు. ప్రతి ఒక్కరి కోసమూ పీహెచ్‌పీ డేటాబేసు తెరిచి, కొన్నివేల మాటలను చదివి, అకారాది క్రమంలో పేర్చి, పుట తయారుచేసి, వెంటనే అంతా మరిచిపోయేది. నెలకు కొద్దిపాటి అద్దెకు దొరికే చోటు అది. ప్రాసెసరు వాడకానికి పరిమితి ఉంటుంది. ఒక ఏడాది ఆ రాత్రి పరిమితి దాటినది, పుట రావడం మానివేసినది. ఎల్లారెడ్డి వైపు పల్లె నుండి ఒక బాలిక మా ఇంటికి ఫోను చేసి, “సారూ, మీ పుస్తకం తెరుచుకుంట లేదు” అన్నది. ఆ అమ్మాయికి మర్నాడు పొద్దున పరీక్ష. ఫోనులోనే తనకు కావలసిన మాటలు చెప్పాను. తక్కినవారికి ఎవరు చెప్పారో!

ఏపీసీయూ గానీ మెమ్‌క్యాష్డ్ గానీ ఇవ్వగలరా అని చోటు అద్దెకిచ్చినవారిని అడిగితే, అందుకు సొంత సర్వరు తీసుకోవాలని జవాబు వచ్చినది. వారిని తప్పుపట్టడం లేదు. భాష తనతో తెచ్చినది వారు అందరికీ ఇస్తారు. భాష తేనిది కోరినవారికి అధిక రుసుముకు ఇస్తారు. వ్యాపార ధర్మం అంతే.

అప్పుడు నా పూర్వ విద్యార్థి ఒక ఉపాయం చూపినాడు. పేర్చిన మాటల పట్టికను సమాచారంగా కాక ఒక పీహెచ్‌పీ ప్రోగ్రాముగా రాసి ఫైలులో ఉంచమన్నాడు. పీహెచ్‌పీ దృష్టికి అది ప్రోగ్రాము కనుక ఓపీక్యాష్ దానిని ఉమ్మడి జ్ఞాపకంలో నిలుపుకొంటుంది. మారు మాట లేకుండా పని జరిగినది. మరుసటి ఏడాది పరీక్ష రాత్రి పుట నిలిచినది. ఈ ఉపాయం అతని సొంతం కాదు. లోకంలో ఎన్నో పేరున్న చట్రాలు ఇదే పద్ధతిని అనుసరిస్తున్నవి.

నాకు మాత్రం ఇది సంతోషంతోపాటు సందేహాన్ని కూడా మిగిల్చినది. సమాచారానికి ప్రోగ్రాము వేషం వేసి దొడ్డిదారిన లోపలికి పంపవలసి వస్తున్నది. మారని పట్టికకు ఈ వేషం సరిపోతుంది. మాటిమాటికీ మారే సమాచారానికి సరిపోదు. ఫైలు మారిన ప్రతిసారీ ఓపీక్యాష్‌లో పాత ప్రతి ఆక్రమించిన చోటు వృథాగా మిగులుతుంది. అలా పేరుకొని చోటు చాలనప్పుడు మొత్తం దాపును తుడిచి మరల మొదలుపెడుతుంది. అంటే కోడ్ కోసం కట్టిన గదిలో సరుకు నింపినందుకు కోడ్‌కే నష్టం. దొడ్డిదారి ఎంత నలిగినదో చూస్తే వీధిగుమ్మం అవసరం ఎంత ఉన్నదో తెలుస్తుంది.

పాత ఉపాధ్యాయులకు 1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పథకం గుర్తుండే ఉంటుంది. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా వచ్చినది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్లతో సహా బోధనకు అత్యవసరమైన సామగ్రి ఉండితీరవలెనన్నది దాని సంకల్పం. ఆ పథకం ఎంత నెరవేరినది, ఎంత నెరవేరలేదు అన్నది వేరే చర్చ. దాని వెనుకనున్న న్యాయం మాత్రం తిరుగులేనిది. నల్లబల్ల అనేది ఉపాధ్యాయుడు చందాలెత్తి తెచ్చుకొనవలసిన వస్తువు కాదు. బడి అన్నతరువాత ఉండవలసినది. పట్టణంలోని ధనిక పాఠశాలకు ఏ పథకం లేకున్నా బల్ల ఉంటుంది. పథకం అవసరమైనది పల్లె బడికి. భాషలో అంతర్భాగంగా వచ్చిన ఉపకరణం కూడా అటువంటిదే. పెద్ద సంస్థకు మెమ్‌క్యాష్డ్, రెడిస్ వంటివి స్థాపించుకొనే స్తోమత, నిపుణులు ఉన్నారు. వారికి భాషలో దాపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అది ఉండి తేడా కలిగేది అద్దెచోట్లలోనూ ఉచితచోట్లలోనూ కాలక్షేపం చేసే మనబోటివారికి.

ఇది లోకంలో లేని కోరిక కూడా కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ సంస్థలో పుట్టిన ఎర్లాంగ్ భాషలో ఈటీఎస్ అనే ఉమ్మడి పట్టికలు భాషతోపాటే వస్తాయి. మనం దినమూ వాడే వాట్సాప్ సర్వర్లకు ఆధారం ఆ భాషే. మరొక వైపు జావావారు దాపునకు ఒక ఉమ్మడి ప్రమాణం కావాలని 2001లో ప్రతిపాదించి, దానిని 2014లో పూర్తిచేశారు. పదమూడేళ్లు! ఈలోగా ఎవరి పద్ధతి వారు కల్పించుకొన్నారు. పీహెచ్‌పీలోనూ అదే జరిగినది. మీడియావికీ తన దాపుల కోసం తనదైన ఒక పొరను రాసుకొన్నది. వర్డ్‌ప్రెస్ 2009లో ‘ట్రాన్సియెంట్లు’ అనే పద్ధతి తెచ్చినది; వేరే దాపు లేనప్పుడు అది తాత్కాలిక సమాచారాన్ని డేటాబేసులోనే రాస్తుంది. నల్లబల్ల లేక జవాబును మళ్లీ గ్రంథాలయంలోనే పెట్టివచ్చుట వంటిది ఇది. లెక్కకట్టిన ఫలితం సిద్ధంగా దొరుకుతుంది కనుక కొంత మేలే, కానీ వరండా నడక తప్పలేదు.

ఇప్పుడు అవతలి పక్షం. వారి మాటలలో బలం ఉన్నది, ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: భాషలో ఒకసారి చేరినదానిని తీసివేయుట కష్టం. నిజం. వెలుపలి నుండి వచ్చిన విలువలను నేరుగా చరరాశులుగా మార్చే రిజిస్టర్ గ్లోబల్స్ అనే సౌకర్యం పీహెచ్‌పీలో ఉండేది. భద్రతకు చేటని తెలిసి 2002లో దానిని అప్రమేయంగా ఆపివేశారు; పూర్తిగా తొలగించినది 2012లో. పది సంవత్సరాలు పట్టినది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివిన మాకు ఈ జాగ్రత్త కొత్త కాదు. సూత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. మిగిలినదానికి బహుజనపల్లి సీతారామాచార్యుల ప్రౌఢవ్యాకరణం ఉండనే ఉన్నది. అయితే సూరి ఏది వదిలినా సంధిని వదలలేదు. ప్రతి వాక్యంలో పనిబడేదానిని మూలంలో చెప్పాలి, అరుదైనదానిని శేషంలో చెప్పాలి. జాలంలో ప్రతి పుటకూ దాపుతో పనిబడుతున్నది. అది శేషంలో ఉండదగినది కాదు.

రెండవది: మరచిపోవుటయే పీహెచ్‌పీ సుగుణం. ఒక అభ్యర్థనలో జరిగిన పొరపాటు ఆ పలకతోపాటే తుడిచిపెట్టుకొని పోతుంది, మరొకరికి అంటదు. ఉమ్మడి బల్ల పెడితే ఒకడు రాస్తూండగా ఇంకొకడు చెరిపే ప్రమాదం, తాళాలు, వేచియుండుట అన్నీ వస్తాయి. ఈ వాదాన్ని నేను గౌరవిస్తాను. అందుకే బల్లమీద రాసేది జవాబు మాత్రమే కావాలి, ఆస్తి కారాదు అంటాను. బల్ల తుడిచినంతమాత్రాన ఏదీ నష్టపోకూడదు. నష్టమల్లా మళ్లీ గ్రంథాలయం దాకా నడవడమే. ఏ క్షణమైనా మాయమయ్యే హక్కు దాపునకు ఉన్నదని భాష మొదటనే చెప్పివేస్తే సగం చిక్కులు పుట్టనే పుట్టవు.

మూడవది: అద్దెచోటులో ఇరుగుపొరుగు సమస్య. ఒకే మాతృప్రక్రియ కింద నడిచే వేర్వేరు సైట్లకు ఏపీసీయూ దాపు ఒక్కటే అవుతుంది. ఒకరు దాచినదానిని వేరొకరు చదవగలరు, మార్చగలరు. ఇది తీవ్రమైన అభ్యంతరం. కానీ ఇది దాపును భాషలో చేర్చవద్దని చెప్పే కారణం కాదు. సరిగా చేర్చమని చెప్పే కారణం. ఓపీక్యాష్‌కూ ఇదే చిక్కు ఎదురైనప్పుడు అనుమతులను తనిఖీ చేసే అమరికలు చేర్చారు. వాటిని అప్రమేయంగా పనిచేయించకపోవుట మాత్రం నాకు నచ్చలేదు. అనుబంధం చేసేవారు ఒక్కొక్క సైటు యజమానినీ వేరుగా గుర్తించుట కష్టం. భాషను నడిపించే వ్యవస్థకే అది సులభం.

నాలుగవది: పెద్ద సైట్లకు ఒక యంత్రం చాలదు, ఒక గదిలోని నల్లబల్ల పక్కగదివారికి కనిపించదు. ఇదీ నిజమే. అయితే వికీపీడియా వంటి పెద్ద సైటు సైతం రెండు రకాలనూ వాడుతుంది. అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా కావలసినవి మెమ్‌క్యాష్డ్‌లోనూ, ఆ యంత్రానికి దాపున ఉంటే చాలునన్నవి ఏపీసీయూలోనూ ఉంచుతుంది. ప్రధాన గ్రంథాలయం ఉన్నంతమాత్రాన తరగతిలో బల్ల వద్దని ఎవరూ అనరు.

ఐదవది నేనే చెబుతాను. పాతకాలపు సీజీఐ పద్ధతిలో నడిచే చవకచోట్లలో ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త ప్రక్రియ పుట్టి గిట్టుతుంది. అక్కడ ఉమ్మడి జ్ఞాపకం నిలువదు. భాషలో దాపు ఉన్నా ఫలం దక్కదు. దీనికి సమాధానం ఓపీక్యాష్‌లోనే దొరుకుతుంది. జ్ఞాపకంలో నిలుపలేని చోట ఫైలులో నిలుపుకొనే ఏర్పాటు దానికి ఉన్నది. సమాచారానికీ అదే వర్తింపజేయవచ్చును. పిలిచే పేరు ఒకటే ఉండాలి. లోపల జ్ఞాపకమో ఫైలో భాష చూసుకోవాలి.

ఇక అన్నింటికంటె పెద్ద భయం పాతబడుట. దీనికి మా ఎల్లారెడ్డే సాక్ష్యం. 2014 జూన్ 2కు ముందు ఎల్లారెడ్డి చిరునామా ఆంధ్రప్రదేశ్, నిజామాబాదు జిల్లా. ఆనాటి నుండి తెలంగాణ, నిజామాబాదు జిల్లా. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడగా తెలంగాణ, కామారెడ్డి జిల్లా. ఊరు అడుగు కదలలేదు. రెండున్నర ఏళ్ల లోపల రాష్ట్రమూ జిల్లా రెండూ మారినవి. తెలుగు వికీపీడియాలో గ్రామగ్రామానికీ వ్యాసం ఉన్నది. ఒక మూస మారితే దానిని వాడే పుటలన్నింటినీ మరల తయారుచేయాలి. మీడియావికీ ఆ పనులను వరుసలో పెట్టి మెల్లగా చేసుకొంటూ పోతుంది. ఈలోగా దాపులోని పాత పుట చూసినవానికి పాత జిల్లాయే కనిపిస్తుంది. దుకాణాల బోర్డులమీద నిజామాబాదు జిల్లా అని చాలాకాలం మిగిలిపోయినట్లే ఇదీను. బోర్డుకు గడువు తేదీ ఉండదు కనుక అది ఎప్పటికీ నిజమే చెబుతున్నట్లు నిలబడుతుంది.

ఏపీసీయూలో గడువు చెప్పకుండా దాచితే, తుడిచేవరకు ఉండుమనే అర్థం. అప్రమేయ పద్ధతి అదే. నాకు అన్నింటికంటె అభ్యంతరకరమైనది ఇది. గడువు లేని రాతకు భాష చోటివ్వరాదు. ‘అచ్చెరువు’ నూరేళ్లయినా అచ్చెరువే కనుక దానికి నెల గడువు ఇవ్వవచ్చును. జిల్లా పేరుకు గంట చాలును. పరీక్ష తేదీకి ఐదు నిమిషాలే ఎక్కువ. ఎంతకాలం నమ్మదగునో చెప్పలేనివాడు దాచనే రాదు. దాపులో పెట్టే ప్రతివాడినీ ఈ ప్రశ్న అడిగి తీరేటట్లు భాషే నియమం విధించవచ్చును. వెలుపలి ఉపకరణాలు వేయి ఉంటే వేయింటిలోనూ ఈ క్రమశిక్షణ తీసుకొనిరావడం ఎవరి తరమూ కాదు. మూలంలో చేర్చుటకు నేను చూపే కారణాలలో ఇది కూడా ఒకటి.

పరిమాణం గురించి ఒక్క మాట. ఏపీసీయూకు అప్రమేయంగా కేటాయించేది 32 మెగాబైట్లు. తెలుగుకు మూడింతల చోటు కావాలన్నాను కదా. అయినప్పటికీ అందులో కోటికి పైగా తెలుగు సంకేతాలు పడతాయి. లోపలి ఖర్చులు తీసివేసినా ఒక బడి నిఘంటువు, ఒక ఊరి చరిత్ర, ఒక బ్లాగు ముఖపుట వంటివాటికి అది ధారాళంగా చాలును. ప్రతి అద్దెదారుకూ అందులో ఎనిమిదో వంతు ఇచ్చినా నావంటివాడు తృప్తిగా భోంచేసినట్లే. ఓపీక్యాష్ అప్రమేయంగా తనకోసం 128 మెగాబైట్లు తీసుకొంటున్నప్పుడు ఈ కొద్దిపాటి పిడికెడు అడుగుట అత్యాశ కానేరదు.

కనుక నా అభిప్రాయం ఇది. జాలం కోసం పుట్టిన భాషలో ఉమ్మడి దాపు అంతర్భాగంగా ఉండవలెను. అది చిన్నదిగా ఉండవలెను. సైటు యజమానికి మాత్రమే కనిపించాలి. రాసిన ప్రతిదానికీ గడువు ఉండాలి. ఏ క్షణమైనా తుడిచివేయబడునని ముందే చెప్పాలి. ఉమ్మడి జ్ఞాపకం లేనిచోట అదే పేరుతో ఫైలులో పనిచేయాలి. ఇంతకు మించి వరుసలు, లెక్కింపులు, యంత్రాల మధ్య పంపకాలు కావలసినవారు రెడిస్‌కో మెమ్‌క్యాష్డ్‌కో వెళ్లవచ్చును. వాటిని భాషలోకి లాగవద్దు.

భాషా నిర్మాతలకు పెద్ద సైట్ల గోడు వినబడినంతగా చిన్న సైట్ల గోడు వినబడదు. పెద్దవారు నివేదికలు రాయగలరు, నిపుణులను పంపగలరు. పరీక్షకు ముందురాత్రి తెరుచుకోని పుట ముందు కూర్చున్న పిల్ల ఏ జాబితాకూ ఉత్తరం రాయదు. ఆమె పక్షాన రాయవలసినది మనమే. మీలో భాషా నిర్మాణ చర్చలలో పాల్గొనేవారు, నాకంటె లోతుగా తెలిసినవారు ఉన్నారు. నా వాదంలో పస ఉన్నదనిపిస్తే అక్కడికి చేర్చగలరు. లేదనిపిస్తే ఎక్కడ లేదో నిర్మొహమాటంగా చెప్పగలరు. జవాబు రాయుటకు సిద్ధంగా ఉన్నాను.

స్వస్తి.